కోరింత దగ్గు టీకా, పసిబిడ్డలు: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను పిల్లల డాక్టర్ని. కోరింత దగ్గు మాట ఎత్తితే చాలు, "అది పాతకాలం జబ్బు కదండీ, ఇంకా ఉందా" అంటారు చాలామంది. ఉందండీ. టీకాల వల్ల కేసులు బాగా తగ్గాయి గానీ ఆ బ్యాక్టీరియా ఎక్కడికీ పోలేదు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ ఎగబాకుతూనే ఉంటుంది, 2024లో అయితే చాలా దేశాల్లో ఒకేసారి విజృంభించింది. పెద్దవాళ్ళకి వస్తే వారాల తరబడి సతాయించే దగ్గు, అంతే అనుకోవచ్చు. రెండు నెలలు కూడా నిండని బిడ్డకి వస్తే మాత్రం ప్రాణాల మీదకి వస్తుంది, ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఆ వయసు వాళ్ళే. అందుకే ఈ పోస్టు ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం.

అపోహ: "ప్రెగ్నెన్సీలో టీటీ వేయించుకున్నాం కదా, అందులో అన్నీ వచ్చేస్తాయి"

రావు. నేను ఎక్కువసార్లు వినేది ఇదే, అందుకే ముందు ఇదే పెట్టాను. టీటీలో ఉండేది ధనుర్వాతం టీకా ఒక్కటే. టీడీ అయితే దానికి కంఠసర్పి కూడా కలుస్తుంది. కోరింత దగ్గు టీకా ఈ రెండిట్లోనూ లేదు, అది కావాలంటే టీడాప్ అనే ఇంజెక్షన్ వేరే ఉంది. ఒకసారి మీ కార్డు తీసి చూడండి, అక్కడ టీటీ అనో టీడీ అనో మాత్రమే రాసుంటే కోరింత దగ్గు విషయంలో మీ బిడ్డకి ఆ ఇంజెక్షన్ వల్ల ఒరిగేదేం లేదు (ధనుర్వాతానికి అది కావాల్సిందే, దాన్ని తీసిపారేయట్లేదు).

టీడాప్ ఎందుకు, అదీ కడుపుతో ఉన్నప్పుడే ఎందుకు అంటే లెక్క సింపుల్. బిడ్డ సొంత టీకా మొదలయ్యేది 6 వారాలకి, కొన్ని దేశాల్లో 2 నెలలకి. ఆ మొదటి డోసుతోనే రక్షణ వచ్చేయదు, మూడు డోసులు పడితేగానీ గట్టి రక్షణ రాదు. అంటే పుట్టిన రోజు నుంచి కొన్ని వారాల పాటు బిడ్డ దగ్గర సొంతంగా ఏమీ లేదు, తల్లి ఇచ్చిందే ఉంటుంది. తల్లికి టీకా వేస్తే రెండు వారాల్లో యాంటీబాడీలు బాగా పెరుగుతాయి, అవి మాయ ద్వారా బిడ్డకి చేరతాయి, అలా చేరడం చివరి మూడు నెలల్లో ఎక్కువ. అందుకే 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోమంటాం, బ్రిటన్‌లో అయితే 16 వారాల నుంచే ఇస్తున్నారు. అక్కడ 2012లో ఇది మొదలుపెట్టాక చూస్తే మూడు నెలల లోపు పిల్లల్లో జబ్బుని దాదాపు 90 శాతం అడ్డుకుంది. నా దృష్టిలో టీకాల్లో ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చేవి చాలా తక్కువ.

ఇంకోటి, "మొదటి కాన్పులో వేయించుకున్నానుగా" అంటారు. ఆ యాంటీబాడీలు ఏడాది రెండేళ్ళలో బాగా పడిపోతాయి, ఆ బిడ్డకి ఇచ్చినవి ఆ బిడ్డకే. ప్రతి కాన్పుకీ మళ్ళీ వేయించుకోవాలి, మధ్యలో గ్యాప్ ఎంత తక్కువున్నా సరే. ఇందులో బతికున్న క్రిమి ఏదీ ఉండదు, కాబట్టి టీకా వల్ల కడుపులో బిడ్డకి జబ్బు అంటుకోవడం అనేది జరగదు. చెయ్యి ఒకట్రెండు రోజులు సలుపుతుంది, కొందరికి ఒళ్ళు నొప్పులు, అంతే.

అపోహ: "దగ్గులో ఆ కూత రావట్లేదు, కాబట్టి కోరింత కాదు"

ఇది ప్రమాదకరమైన నమ్మకం. ఆపకుండా దగ్గి దగ్గి, ఊపిరి మొత్తం అయిపోయాక ఒక్కసారిగా లోపలికి లాగినప్పుడు వచ్చే సౌండే ఆ కూత. అలా లాగడానికి బలం ఉండాలి, నెల బిడ్డకి అంత బలం ఎక్కడిది? వాళ్ళలో ఎలా ఉంటుందంటే, మొదట్లో కాస్త ముక్కు కారడం, అప్పుడప్పుడు చిన్న దగ్గు, జ్వరం ఉండదు లేదా చాలా తక్కువ, ఎవరైనా జలుబే అనుకుంటారు. తర్వాత ఒక రోజు పాలు తాగుతూ తాగుతూ దగ్గు మొదలవుతుంది, ముఖం ఎర్రగా అయిపోతుంది, కళ్ళల్లో నీళ్ళు, నాలుక బయటికొస్తుంది, ఆ ఎరుపు కాస్తా నీలంలోకి మారుతుంది, చివర్లో పాలన్నీ కక్కేసి నీరసంగా వాలిపోతుంది. కొంతమంది పిల్లలు అసలు దగ్గరు కూడా, ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు, అంతే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఒక దగ్గు తెరకీ ఇంకో తెరకీ మధ్యలో బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది, స్టెత్ పెట్టి చూస్తే ఛాతీ క్లియర్‌గా ఉంటుంది, డాక్టర్ ముందు కూర్చున్న పది నిమిషాల్లో ఒక్కసారి కూడా దగ్గకపోవచ్చు. అందుకని ఇంట్లో దగ్గు వచ్చినప్పుడు ఒకరు బిడ్డని చూస్కుంటుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి, అది తెచ్చి చూపిస్తే మీరు అరగంట వర్ణించినదానికన్నా మాకు ఎక్కువ తెలుస్తుంది. బ్లడ్ టెస్టులో తెల్లకణాలు, అందులోనూ లింఫోసైట్లు బాగా పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది, ముక్కు లోపలి నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేస్తే తేలిపోతుంది. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టు అనిపించినా, పాలు తాగలేకపోతున్నా వీడియోలు గీడియోలు ఏం వద్దు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.

అపోహ: "మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు, బయటికి తీస్కెళ్ళకపోతే చాలు"

పసిబిడ్డకి ఇది ఎక్కువగా అంటుకునేది ఇంట్లోవాళ్ళ నుంచే. అమ్మ, నాన్న, అక్క, అన్న, ఎత్తుకుని ముద్దు చేసే పెద్దవాళ్ళు. చిన్నప్పుడు వేసిన టీకా రక్షణ కొన్నేళ్ళకి తగ్గిపోతుంది, ఆ మాటకొస్తే జబ్బు వచ్చిపోయినా జీవితాంతం రక్షణ ఉండదు. కాబట్టి పెద్దవాళ్ళకి మళ్ళీ వస్తుంది, కాకపోతే వాళ్ళలో అది "ఈ దగ్గు ఎంతకీ తగ్గట్లేదేంటో" అనే స్థాయిలోనే ఉండిపోతుంది, ఎవరూ టెస్టు చేయించుకోరు. పైగా బాగా అంటించేది మొదటి వారం రెండు వారాలు, అంటే మామూలు జలుబులా ఉన్నప్పుడే. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్ళు మాత్రమే కాదు, ముక్కు కారుతున్నవాళ్ళు కూడా పసిబిడ్డకి దూరంగా ఉండాలి. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

"ఇంట్లో మిగతావాళ్ళమంతా వేయించుకుంటాం, తనకెందుకు ఈ టైంలో సూది"

ఇలా అడిగే భర్తలు, అత్తలు ఉన్నారు, ప్రేమతోనే అడుగుతారు. బిడ్డ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ టీకా వేసి కాపాడటం అనే పద్ధతిని కొన్ని దేశాలు ట్రై చేశాయి. అందరికీ వేయించడం కుదరలేదు, ఆశించినంత ఫలితమూ రాలేదు. ఇప్పుడు పెద్దవాళ్ళకి వాడే రకం టీకా వేయించుకున్న మనిషికి జబ్బు రాకుండా చూస్తుంది గానీ, ముక్కులో గొంతులో క్రిమి చేరకుండా పూర్తిగా ఆపలేదు, కోతుల మీద చేసిన పరిశోధనలో ఇది స్పష్టంగా కనిపించింది. ఇంట్లోవాళ్ళు వేయించుకుంటే మంచిదే, బిడ్డని ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. కానీ తల్లి టీకాకి అది బదులు కాదు. తల్లిపాల సంగతీ అంతే, పాలు తప్పకుండా ఇవ్వండి, పాలల్లో కొన్ని యాంటీబాడీలు వెళ్తాయి కూడా, అయినా పాలు తాగే బిడ్డలకీ కోరింత దగ్గు వస్తుంది.

అపోహ: "డీపీటీ వల్ల మెదడు దెబ్బతింటుంది, ఫిట్స్ జబ్బు వస్తుంది"

డీపీటీ అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడిటికీ కలిపి పిల్లలకి వేసే టీకా. ఈ భయానికి పెద్ద చరిత్రే ఉంది. 1970ల్లో బ్రిటన్‌లో ఈ మాట మీడియాలో మారుమోగి టీకా వేయించేవాళ్ళు 80 శాతం దగ్గర్నుంచి 30 శాతం దాకా పడిపోయారు, తర్వాత వరసగా పెద్ద పెద్ద ఎపిడెమిక్‌లు వచ్చాయి. జపాన్‌లో 1975లో కొన్నాళ్ళు టీకా ఆపారు, 1979 వచ్చేసరికి ఒక్క ఏడాదిలో దాదాపు 13,000 కేసులు, 41 చావులు. మరి ఆ పిల్లలకి మెదడు దెబ్బతిన్నది అబద్ధమా అంటే, జబ్బు నిజమే, కారణమే వేరు. 2006లో వచ్చిన ఒక స్టడీలో, టీకా వల్లే అలా అయ్యిందని అనుకున్న 14 మందికి జీన్ టెస్టు చేస్తే 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జీన్‌లో లోపం దొరికింది, అంటే ద్రావే సిండ్రోమ్ లాంటి పుట్టుకతో వచ్చే ఫిట్స్ జబ్బు. టీకా జ్వరం మొదటి ఫిట్‌ని కాస్త ముందుకి తెచ్చుండొచ్చు, జబ్బుని మాత్రం అది తేలేదు.

జ్వరం, తొడ దగ్గర వాపు, ఏడుపు మాత్రం వస్తాయి, దాచడానికేం లేదు. చంపిన క్రిమిని మొత్తంగా వాడే పాత హోల్ సెల్ రకంలో ఇవి ఎక్కువ, క్రిమిలోని కొన్ని భాగాలే వాడే కొత్త ఎసెల్యులర్ రకంలో తక్కువ. అయితే కొత్తదాని రక్షణ పాతదానికన్నా త్వరగా తగ్గిపోతుంది. ఏది మంచిది అని గంటలు గంటలు చర్చించేవాళ్ళని చూస్తుంటా, ఆ చర్చలో డోసు రెండు వారాలు లేటవుతుంది. మీకు ఏది అందుబాటులో ఉంటే అది టైంకి వేయించండి చాలు.

అపోహ: "యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా దగ్గుతున్నాడు, మందు పనిచేయలేదు"

క్రిమిని చంపడం వేరు, దగ్గు తగ్గడం వేరు. ఈ బ్యాక్టీరియా విడుదల చేసే విషాలు శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి ఊడ్చే సన్నటి నూగుని పాడుచేస్తాయి, క్రిమి పోయినా ఆ నష్టం మానడానికి వారాలు పడుతుంది. మొదట్లోనే ఇస్తే జబ్బు తీవ్రత కొంత తగ్గుతుంది, లేటుగా ఇస్తే ఎదుటివాళ్ళకి అంటించడం మాత్రం ఆగుతుంది, అదీ ఐదు రోజుల మందు పడ్డాకే. అందుకే ఇంట్లో ఒకరికి తేలితే పసిబిడ్డతో సహా మిగతావాళ్ళకీ మందు రాస్తాం, వాళ్ళకి దగ్గు లేకపోయినా. నెలలోపు బిడ్డకి అజిత్రోమైసిన్ వాడతాం, డోసు బరువుని బట్టి, కాబట్టి పెద్దపిల్లాడికి రాసిన సీసా ఇద్దరికీ పంచకండి. దగ్గు సిరప్‌లు ఈ దగ్గుకి పనికిరావు. తేనె ఏడాది లోపు పిల్లలకి నాకించడం అసలే వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రిస్కు.

"నెలలు నిండకుండా పుట్టాడు, కాస్త బరువు పెరిగాక వేయిద్దాం"

వద్దు. పుట్టిన తేదీ నుంచే లెక్క, రావాల్సిన తేదీ నుంచి కాదు. అసలు వీళ్ళకే తల్లి నుంచి యాంటీబాడీలు తక్కువ అందుతాయి. కాస్త జలుబున్నా వేయించొచ్చు.

ఇక చివరిది: "కాన్పు అయిపోయింది, టీడాప్ వేయించుకోలేదు, ఇప్పుడెందుకు"

ముందెప్పుడూ వేయించుకోకపోతే ఇప్పుడు వేయించుకోండి, కనీసం మీ నుంచి బిడ్డకి వచ్చే ఛాన్స్ తగ్గుతుంది. మాయ ద్వారా వెళ్ళాల్సినవి ఇక వెళ్ళవు కాబట్టి బిడ్డ మొదటి డోసు మీద దృష్టి పెట్టండి. దాన్ని 6 వారాల కంటే ముందు వేయరు, వేయమని అడగొద్దు, కానీ 6 వారాలు నిండిన రోజుకి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజే తీస్కెళ్ళండి, రెండో డోసు తేదీ కూడా అక్కడే కార్డు మీద రాయించుకోండి.