పేదరాశి పెద్దమ్మ ఇంటి వెనక ఉన్న చరిత్ర

పొద్దుగూకేవేళ రాజకుమారుడు కొత్త ఊరు చేరతాడు. గుర్రాన్ని చెట్టుకు కట్టేసి పేదరాశి పెద్దమ్మ ఇంటి తలుపు తడతాడు. ఆమె చేతిలో నాలుగు వరహాలు పెడతాడు. ఆమె స్నానానికి నీళ్ళు తోడి, విస్తరేసి వడ్డించి, అతను తింటుంటే ఎదురుగా కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్తుంది. రాకుమార్తె ఏం పంతం పట్టింది, ఏ రాక్షసుడు ఊరిమీద పడుతున్నాడు అన్నీ ఆమెకే తెలుసు. మన జానపద కథల్లో ఎన్నో అసలు మలుపు తిరిగేది ఆ విస్తరి దగ్గరే.

ఇలాంటి ఇళ్ళు నిజంగానే ఉండేవి. వాటిని పూటకూళ్ళ ఇళ్ళు అనేవాళ్ళు. పూటకు ఇంతని తీసుకుని కూడు పెట్టే ఇల్లన్నమాట. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో లక్ష్మణవజ్ఝల వారి పూటకూటింట్లో ఒక్క రూకకు ఏమేం పెట్టేవారో ఉంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. కవి ధరతో సహా చెప్పడం నాకు భలే ఇష్టం.

సత్రం సంగతి వేరు. అక్కడ డబ్బు తీసుకునేవారు కాదు. రాజులో, జమీందారులో, వర్తకులో రాసిచ్చిన మాన్యాల మీద వచ్చే ధాన్యంతో వంట సాగేది. 'సత్రం భోజనం, మఠం నిద్ర' అన్న మాట అలా పుట్టిందే. అయితే ఆ పుణ్యం అందరికీ ఒకేలా అందలేదు. చాలా సత్రాల్లో ఎవరికి అన్నం పెట్టాలో, ఎవరిని గడప బయటే ఆపాలో కులమే తేల్చేది.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉందో, ఏ సరుకులు దొరుకుతాయో రాసుకుంటూ వెళ్ళాడు. పదిహేను నెలల ప్రయాణం మరి! ఆ రోజుల్లో రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్నదే బాటసారికి పెద్ద టెన్షన్. 1871 నాటికి మద్రాసు నుంచి బొంబాయికి కడప మీదుగా రైలు దారి పూర్తయింది. రైలు వచ్చిన చోటల్లా కాలిబాట మజిలీల అవసరం తగ్గుతూ వచ్చింది. తర్వాత కాఫీ హోటళ్ళొచ్చాయి.

సత్రాల మాన్యాలకు రికార్డులున్నాయి. సత్రాలూ 1987 నాటి దేవాదాయ చట్టం కిందికి వస్తాయి కాబట్టి, భూములు అన్యాక్రాంతమైనా కనీసం దావా వేయడానికి కాగితం ఉంటుంది. కట్టించిన దాతల పేర్లు రాతి మీద ఉంటాయి. పూటకూళ్ళమ్మకు మాన్యమూ లేదు, శాసనమూ లేదు. గురజాడ కన్యాశుల్కంలో కనిపించే వితంతువు లాగా, మొగుడు పోయి వేరే ఆసరా లేని ఆడమనిషికి గరిటే బతుకుతెరువు. నాటకంలోనూ ఆమెను పూటకూళ్ళమ్మ అనే పిలుస్తారు. జానపద కథలో పెద్దమ్మ అంటారు. నేను విన్న కథల్లో రాజకుమారుడి పెళ్ళి ఏడు రోజులు జరిగేది. ఆ పందిట్లో పెద్దమ్మ ఎక్కడ కూర్చుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.