ఎనమ్‌లోంచి రాండమ్‌గా ఒకటి తీయడం: అపోహలు, వాస్తవాలు

జావాలో వారం రోజులకు ఒక ఎనమ్ (పేర్లు పెట్టిన స్థిర విలువల జాబితా) రాసి, అందులోంచి ఏదో ఒక రోజును రాండమ్‌గా తీయమంటే ఎవరైనా ఒక్క లైన్‌లో రాసేస్తారు. కోడ్ రివ్యూ చేసేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది ఆ లైన్ దగ్గరే.

అపోహ: మ్యాథ్.రాండమ్‌ను 6తో గుణించి రౌండ్ చేస్తే ఏడు రోజులూ సమానంగా వస్తాయి.

రావు. మ్యాథ్.రాండమ్ 0 నుంచి మొదలై 1కి లోపు సంఖ్య ఇస్తుంది. రోజుల ఇండెక్స్ (వరుస సంఖ్య) సోమవారానికి 0తో మొదలై ఆదివారానికి 6 దాకా వెళ్తుంది. 6తో గుణించి రౌండ్ చేస్తే, మంగళవారం ఇండెక్స్ అయిన 1 రావడానికి 0.5 నుంచి 1.5 దాకా చోటుంటుంది. సోమవారానికి మాత్రం 0 నుంచి 0.5 దాకానే. ఆదివారానికీ అంతే, 5.5 దాటాకే దాని వంతు. అంటే ఈ రెండు రోజులకూ 12లో ఒక వంతు, మిగతా ఐదింటికీ 6లో ఒక వంతు. ఎర్రర్ రాదు, టెస్టులు పాసైపోతాయి, అందుకే ఇలాంటిది ఏళ్ల తరబడి కోడ్‌లో పడి ఉంటుంది. రాండమ్ ఆబ్జెక్ట్‌లోని నెక్స్ట్‌ఇంట్‌కు 7 ఇస్తే 0 నుంచి 6 దాకా సమానంగా వస్తాయి, ఈ గొడవే ఉండదు.

అపోహ: హద్దు ఇవ్వకుండా నెక్స్ట్‌ఇంట్ పిలిచినా, ఆబ్స్ (మైనస్ గుర్తు తీసేసే ఫంక్షన్) పెట్టి 7తో భాగించి శేషం తీసుకుంటే చాలు.

మైనస్ 2147483648కి ఆబ్స్ తీసినా మైనస్‌గానే మిగులుతుంది, దాని ప్లస్ రూపం ఇంట్‌లో (జావా పూర్ణసంఖ్య రకంలో) పట్టదు కాబట్టి. శేషం మైనస్ 2, అలాంటి ఇండెక్స్ లేదు కనుక ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది. 400 కోట్లకు పైగా విలువల్లో ఒక్కదానికే జరిగేది కనుక మళ్లీ రప్పించి చూపించడం కూడా కష్టం.

అపోహ: ఎనమ్ అంటే అంకెలకు పెట్టిన పేర్లు, ఏదో ఒక అంకె తీసి మార్చేస్తే సరి.

సీ షార్ప్‌లో ఇదే కొంప ముంచుతుంది. విలువలు 200, 404, 500 అని ఉన్న ఎనమ్‌లోకి 1ని క్యాస్ట్ చేసినా (ఆ రకంగా మార్చినా) అది కిమ్మనదు. పేరే లేని విలువ చేతికొస్తుంది. అందుకే ఎనమ్‌లోని విలువల జాబితా ఇచ్చే గెట్‌వాల్యూస్ వాడి, అందులోంచి తీయాలి. అయితే ఒకే అంకెకు రెండు పేర్లుంటే ఆ విలువ జాబితాలో రెండుసార్లు వచ్చి, దాని అవకాశం పెరుగుతుంది. పైథాన్‌లో అలాంటి రెండో పేరు లెక్కలోకి రాదు. కానీ అక్కడ ఎనమ్‌ను నేరుగా రాండమ్.చాయిస్‌కు (జాబితాలోంచి ఒకటి తీసే ఫంక్షన్‌కు) ఇస్తే కీఎర్రర్ వస్తుంది, ముందు లిస్ట్‌గా మార్చుకోవాలి.

అపోహ: కొన్నే మళ్లీ మళ్లీ వస్తూ ఒకటి అసలే రావట్లేదంటే రాండమ్ పాడైనట్టే.

నాలుగు విలువల ఎనమ్‌లోంచి ఎనిమిదిసార్లు తీస్తే, కనీసం ఒకటి అసలే రాకపోయే అవకాశం దాదాపు 38 శాతం. తిరిగి రాకూడదని క్లయింట్ అడిగితే వాళ్లకు కావాల్సింది షఫుల్, అంటే అన్నింటినీ కలిపేసి వరుసగా ఒక్కోటి తీయడం.

జావాలో ఎనమ్ విలువలన్నీ ఇచ్చే వాల్యూస్ పిలిచిన ప్రతిసారీ కొత్త అర్రే కాపీ చేస్తుందన్నది నిజమే. లూప్‌లో లక్షలసార్లు పిలిస్తే ఒకసారి పిలిచి ఆ అర్రేను స్టాటిక్ ఫైనల్‌లో (మారని ఉమ్మడి వేరియబుల్‌లో) దాచుకోండి, లేదంటే దానికంత టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: సీడ్ (రాండమ్ వరుసను నిర్ణయించే ప్రారంభ సంఖ్య) ఇస్తే టెస్టు ఎప్పటికీ మారదు.

ఎనమ్‌కు కొత్త విలువ చేరిందంటే హద్దు మారుతుంది, అదే సీడ్‌తో వేరే వరుస వస్తుంది. రాండమ్‌ను పారామీటర్‌గా పంపి, టెస్టులో మీకు కావాల్సిన ఇండెక్స్ ఇచ్చే నకిలీది పెట్టండి.