కస్టమ్స్‌లో ‘ఫుడ్ ఉంది’ అంటే పెట్టె పారేస్తారా?

గుంటూరులో ట్రావెల్స్ నడుపుతున్నాను. అమెరికాలో స్థిరపడిన పిల్లలు సెలవులకు వచ్చి తిరిగి వెళ్లే వారం మా ఫోన్ మోగుతూనే ఉంటుంది. టికెట్ల గురించి కాదు, పచ్చళ్ల గురించి. మొన్న ఒక పెద్దావిడ: “బాబూ, తిండి ఉందని చెబితే మొత్తం చెత్తబుట్టలో పడేస్తారంటగా? ఏమీ లేదని చెప్పమని మావాడికి చెప్పాను.”

ఈ ఒక్క మాట వల్లే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. ఉన్నదంతా చెప్పేస్తే, అందులో తేకూడనిది ఉన్నా దాన్ని మాత్రం తీసుకుంటారు, జరిమానా వేయరు. లేదని చెప్పాక దొరికితేనే ఇబ్బంది. మొదటిసారికి మామూలుగా 300 డాలర్లు, గట్టిగా పట్టుకుంటే 10,000 దాకా వెళ్లొచ్చు.

ఒకమ్మాయి పెట్టెలో వాళ్లమ్మ చీర మడతల మధ్య కరివేపాకు పెట్టారు, చెప్పకుండా. కూతురికి తెలియక లేదనేసింది. బ్యాగేజీ దగ్గర తిండి వాసన పసిగట్టే బీగిల్ కుక్క వచ్చి ఆ పెట్టె పక్కనే కూర్చుంది. 300 డాలర్లు కట్టి బయటపడ్డారు. ఆ తల్లి నాకు ఫోన్ చేసి ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. ప్రేమతో పెట్టారు, కాదనను. కానీ పెట్టెలో ఏముందో మోసుకెళ్లేవాళ్లకి తెలియాలి కదమ్మా.

గుప్పెడు ఆకుకి ఇంత రాద్ధాంతమా అంటారు. కరివేపాకుది నిమ్మ కుటుంబమే. దాని మీద బతికే సైలిడ్ అనే చిన్న పురుగు నారింజ చెట్లకి గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు కనిపించాక తోటలకి తోటలే పోయాయి. వాళ్ల భయం వాళ్లది.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఆవకాయ, గోంగూర, కందిపొడి మామూలుగా వెళ్తాయి. చికెన్, మటన్ పచ్చళ్లు వద్దు. బియ్యం, శనగలు కిలో అయినా వద్దు, గింజల్ని తినేసే ఖాప్రా పురుగు భయంతో 2011 నుంచి ప్రయాణికుల సామానులో రానివ్వడం లేదు. “మామిడిపళ్లు అక్కడ షాపుల్లో అమ్ముతున్నారుగా?” అవి పురుగు భయం లేకుండా రేడియేషన్ చేసి పంపినవి, 2007 నుంచి అలాగే వెళ్తున్నాయి. మీ చేతిసంచిలోవి అలాంటివి కావు. గల్ఫ్ వెళ్లేవాళ్లు గసగసాలు అసలు ముట్టుకోవద్దు, మసాలాలో కలిపినా సరే, జైలు దాకా వెళ్తుంది. ఇక అటునుంచి ఇటొచ్చేటప్పుడు మందు మనిషికి 2 లీటర్లే, భార్య కోటా కూడా కలిపి ఒక్కరే నాలుగు తేవడం కుదరదు.

మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నన్నూ అడిగారు. “పికిల్, పౌడర్, అరిసెలు” అన్నాను. పక్కకి పంపి ఎక్స్‌రే తీశారు, ఒక డబ్బా తెరిచి చూశారు, పది నిమిషాల్లో అన్నీ తిరిగిచ్చేశారు.

అదే ఆ పెద్దావిడకి చెప్పి, ఫోన్‌లోనే జాబితా రాయించాను. ఒక్కో సరుకూ పైకి చదువుతూ రాశారు. కరివేపాకు దగ్గర కాసేపు ఆగి, “కొట్టేశాను బాబూ” అన్నారు.