విల్లు విరిగితే వెదురెక్కడిది?
నల్లమల చెంచుల విల్లంబులు, వాటి విడిభాగాలు, వాటి చుట్టూ పెరిగిన చట్టాల నేపథ్యం

అచ్చంపేటలోనో, మన్ననూరులోనో సభ జరిగితే వేదిక మీదికి ఒక విల్లు వస్తుంది. ముఖ్య అతిథి దాన్ని అందుకుని, బాణం సంధించినట్టు నిలబడి ఫొటో దిగుతారు. ఆ విల్లుకు రంగు కాగితాలు చుట్టి ఉంటాయి, బాణానికి ములికి, అంటే ఇనుప మొన, ఉండదు. ఫొటో అయిపోయాక దాన్ని కారు డిక్కీలో పెట్టుకుని వెళ్తారు. అదే విల్లు నిజమైన అల్లెతాడుతో, ఇనుప ములికితో ఒక చెంచు చేతిలో ఉండి, ఆ మనిషి మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి నడిస్తే అది చట్టం దృష్టిలో ఆయుధం.

ఈ రెండు విల్లుల మధ్య తేడా ఒక్క రోజులో రాలేదు. చెంచుల చేతిలో విల్లు కనిపించకపోవడానికి చాలామంది చెప్పే కారణం ఒకటే, వేట మీద నిషేధం. అది నిజమే గానీ సగం నిజం. విల్లు ఒక్క వస్తువు కాదు. వెదురు, తాడు, ఇనుము, ఈక కలిస్తే విల్లంబులవుతాయి. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో చోటి నుంచి, ఒక్కో మనిషి చేతి మీదుగా రావాలి. ఆ దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. విల్లును నేరుగా లాక్కున్న సందర్భాల కన్నా, పాడైన విల్లును బాగుచేసుకోలేక వదిలేసిన ఇళ్లే ఎక్కువని ఈ ప్రాంతంలో తిరిగిన నేను నమ్ముతాను.

ముందు విల్లు సంగతి చూద్దాం. పనికొచ్చే వెదురు అంటే లేత బొంగు కాదు. మూడు నాలుగేళ్లు ముదిరింది కావాలి. లేత వెదురులో తీపిపదార్థం ఎక్కువ, దానికి పుచ్చు పురుగు ఇట్టే పడుతుంది. అందుకే వానలు తగ్గాక, చలికాలంలో కొడతారు. అమావాస్య రోజుల్లో కొట్టాలన్న మాట మైదానం రైతులు కూడా అంటారు. నల్లమలలో దొరికే సాధన వెదురు ఎండ నేలల్లో పెరిగితే లోపల బోలు తక్కువగా, గట్టిగా ఉంటుంది. కొట్టిన బొంగును నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే నెర్రెలు విచ్చుతుంది. బద్ద తీసేటప్పుడు పైపొర చెక్కకూడదు, ఎందుకంటే వెదురు నార ఎక్కువగా చిక్కగా ఉండేది ఆ పైపొరలోనే. లాగినప్పుడు సాగి నిలబడాల్సింది అదే. చెక్కేదంతా లోపలి వైపు. విల్లు నడుముకు అటూ ఇటూ ఉండే రెండు కొమ్ములూ సమానంగా వంగుతున్నాయా లేదా అన్నది కంటితో చూసి, కొంచెం కొంచెంగా గీకుతూ సరిచేయాలి. ఒక కొమ్ము మొండికేస్తే బాణం పక్కకు పోతుంది, రెండో కొమ్ము మీద భారం పడి అదే ముందు విరుగుతుంది.

చేసిన విల్లును కాపాడుకోవడం మరో పని. పని లేనప్పుడు తాడు విప్పి పెట్టాలి. ఎప్పుడూ బిగించి ఉంచితే వెదురు ఆ వంపుకే అలవాటుపడి బిగువు చచ్చిపోతుంది. పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీస్తే పురుగు తొందరగా ముట్టదు. వానకాలంలో నార తాడైనా, నరంతో పేనిన తాడైనా తేమ పట్టి సాగుతుంది, దాన్ని పొడిగా దాచుకోవాలి. అన్నిటి కన్నా ముఖ్యమైంది, బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా వెనక్కి తిరిగి కొమ్ముల మీదే పడుతుంది, వెదురు చిట్లుతుంది. వేదికల మీద అతిథులు సరదాగా చేసేది సరిగ్గా ఈ పనే.

ఇవాళ విదేశాల్లో ఫ్యాక్టరీలో తయారై వచ్చే క్రాస్‌బో, అంటే ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు, కొన్నవాళ్లకు ఇచ్చే చిన్న పుస్తకంలో కూడా ఇవే మాటలుంటాయి. తాడుకు మైనం పట్టించు, పోగులు లేచిన తాడును వెంటనే మార్చు, కొమ్ముల్లో పగుళ్లున్నాయేమో చూడు, బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కకు. తేడా ఎక్కడంటే, ఆ క్రాస్‌బో తాడు తెగితే కొత్త తాడు కొరియర్‌లో వస్తుంది. కొమ్ము విరిగితే అదే కొలతకు ఇంకో కొమ్ము దొరుకుతుంది. చెంచు విల్లుకు విడిభాగాల దుకాణం అడవే, ఆ దుకాణం తాళం ఎవరి చేతిలో ఉందన్నదే ఈ నేపథ్యమంతా.

నల్లమల కృష్ణకు రెండు వైపులా ఉంది. బ్రిటిష్ కాలంలో నదికి ఆవల కర్నూలు వైపు మద్రాసు ప్రెసిడెన్సీ, ఈవల అమ్రాబాద్ వైపు నిజాం రాజ్యం. 1878 నాటి ఆయుధాల చట్టం బ్రిటిష్ ఇండియాది. అందులో ఆయుధమంటే ఏమిటో చెప్పే వాక్యంలో తుపాకులు, కత్తులు, బరిసెలతో పాటు విల్లంబుల పేరు కూడా రాశారు. నది దాటితే ఆ చట్టం లేదు. అయితే నిజాం వైపు అడవి పాలకుల వేటకు విడిదిగా మారింది. పులిచెలమ అని స్థానికులు పిలిచిన కొండకు ఫరహాబాద్ అన్న పేరు అలా వచ్చిందే. ఒకే అడవి, ఒకే జనం, రెండు రాజ్యాలు. అటూ ఇటూ కూడా చెంచు విల్లును ఎవరో బయటివాళ్లే నిర్వచించారు.

1940లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ కొండల మీది పెంటల్లో, అంటే చెంచుల చిన్న గూడేల్లో, చెంచులతో కలిసి ఉండి వారి జీవితాన్ని నమోదు చేశారు. ఆయన చూసిన చెంచు మగవాడి చేతిలో విల్లంబులు, గొడ్డలి, కత్తి ఉండేవి. కానీ ఆయన గమనించిన ఒక విషయాన్ని ఇప్పటి చర్చల్లో మర్చిపోతున్నారు. చెంచుల కడుపు నింపింది ప్రధానంగా గడ్డలు, పళ్లు, ఆకులు. మాంసం అప్పుడప్పుడూ దొరికితే దొరికినట్టు. అంటే విల్లు అడవిని ఖాళీ చేసే యంత్రం ఎన్నడూ కాదు. ఎలుగుబంటి ఎదురైతే ధైర్యానికి, ఉడుమో కుందేలో కనిపిస్తే కూరకు, పెళ్లిలోనూ దేవుడి దగ్గరా తానెవరో చెప్పుకోవడానికి అది ఉండేది. ఆయన సిఫార్సు మేరకు నిజాం ప్రభుత్వం 1942లో సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా ఏర్పరిచింది. అడవిలో చెంచుకు చోటు ఉండాలని కాగితం మీద రాసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

ఆ తర్వాత ముందుగా దెబ్బతిన్నది విల్లు కాదు, వెదురు. కాగితం మిల్లుల కోసం నల్లమల వెదురు కాంట్రాక్టర్ల లారీలకెక్కింది. కొట్టడానికి బయటి నుంచి కూలీలు వచ్చారు. ముదిరిన బొంగే మిల్లుకూ కావాలి, విల్లుకూ కావాలి. పైగా సాధన వెదురుకు ఒక స్వభావం ఉంది. దశాబ్దాలకోసారి ఒక ప్రాంతంలోని పొదలన్నీ ఒక్కసారిగా పూసి, విత్తనం రాల్చి చచ్చిపోతాయి. మళ్లీ కొట్టదగ్గ బొంగు రావాలంటే ఏళ్లు ఆగాలి. పొద ఆరోగ్యంగా ఉంటే అడవి తేరుకుంటుంది. నరుకుడు మీద నరుకుడు పడ్డ చోట తేరుకోవడానికి విత్తనమే మిగలదు. అచ్చంపేట వైపు బుట్టలల్లే మేదరి కుటుంబాలు కూడా ఇదే వెదురు కోసం ఇదే బాధ పడ్డాయి. వాళ్ల కథ వేరే రాయాల్సినంత పెద్దది.

1956లో రెండు తీరాలూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులోని నిర్వచనంలో విల్లంబుల పేరు విడిగా లేదు. తుపాకీ కాని ఆయుధాలకు లైసెన్సు అవసరమయ్యేది కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లోనే. ఇక విల్లు మీద మచ్చ పోయిందనుకోవచ్చు. పదమూడేళ్లకే అది మరో తలుపు నుంచి తిరిగి వచ్చింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లో ఆయుధం అన్న మాటకు అర్థం చెప్పారు. తూటాలు, విల్లంబులు, పేలుడు పదార్థాలు, తుపాకులు, గాలాలు, కత్తులు, వలలు, విషం, ఉచ్చులు, జంతువును గాయపరచగల ఏ సాధనమైనా అందులోకి వస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, అధికారం పొందిన అధికారి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి ఇస్తే తప్ప ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలోకి ప్రవేశించరాదు. 39వ సెక్షన్ కింద, నేరానికి వాడి పట్టుబడిన ఆయుధం ప్రభుత్వ ఆస్తి. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది, 1983లో పులుల రిజర్వు అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపున్నది అమ్రాబాద్ పులుల రిజర్వు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది.

పులిని కాపాడాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఉచ్చులు, కరెంటు తీగలు, నాటు తుపాకులు అడవికి చేసిన కీడు కళ్లముందే ఉంది. నా బాధ ఒక్కటే. ఆ జాబితాలో విషం పక్కన, పేలుడు పదార్థాల పక్కన విల్లును నిలబెట్టినప్పుడు, అడవిలోనే పుట్టి అడవిలోనే ఉండేవాడి సంగతి ఎవరూ ఆలోచించలేదు. 31వ సెక్షన్‌లోని మాట ‘ప్రవేశించడం’. అప్పాపూర్‌లోనో, మల్లాపూర్‌లోనో ఇల్లున్నవాడు ప్రవేశించేదేమిటి? వాడు అప్పటికే లోపలున్నాడు. కానీ ములికి మొద్దుబారిందనుకోండి. పెంటలో కొలిమి లేదు, ఎప్పుడూ లేదు. చెంచులు ఇనుము కాల్చే జనం కాదు. తరతరాలుగా ములికి మైదానం కమ్మరి చేతిదే. తేనె, చింతపండు, జిగురు తెచ్చి అంగడిలో మార్చుకుని, కమ్మరి దగ్గర గొడ్డలికి పదును పెట్టించుకుని, నాలుగు ములుకులు చేయించుకుని వెళ్లేవారు. ఇప్పుడు ఆ పని మీద బయటికి వచ్చిన చెంచు తిరిగి ఇంటికి పోవడమే చట్టం లెక్కలో ఆయుధంతో అభయారణ్యంలోకి ప్రవేశించడం.

కమ్మరి వైపు నుంచి కూడా దారి మూసుకుంది. మా చిన్నప్పుడు ఊరికో కొలిమి ఉండేది. ట్రాక్టరు వచ్చాక నాగలి కర్రుకు పని లేదు, ఫ్యాక్టరీ కొడవలి చవకగా వచ్చింది, కొలిమికి బొగ్గు దొరకడం కష్టమైంది. సమ్మెట పట్టే చేతులు హైదరాబాద్‌లో గ్రిల్లు వెల్డింగ్‌కు పోయాయి. నాలుగు ములుకుల కోసం ఎవరూ కొలిమి రాజేయరు. ములికికి తోక సాగదీసి కర్రలో దిగేలా చేయడం, దాన్ని దారంతో చుట్టి జిగురుతో బిగించడం చేతికి తెలిసిన పని. రాసిపెట్టుకుంటే నిలిచేది కాదు.

తాడు సంగతి అంత బాధ లేదు. అడవి నార పోయి నైలాన్ వచ్చింది, తేమకు సాగదు, అంగడిలో దొరుకుతుంది. ఈక దగ్గర మాత్రం చిక్కుంది. నెమలి జాతీయ పక్షి. దానంతట అదే రాల్చిన తోక ఈకకు చట్టంలో మినహాయింపు ఉంది. కానీ బాణం వెనుక కొసన కట్టే పింజకు గట్టిగా నిలిచేది రెక్క ఈక. అది దగ్గరుంటే ఎక్కడిదని అడుగుతారు. నేల మీద ఏరుకున్నానని రుజువు చేయడం ఎవరి తరం?

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద ఆదివాసులకు యాజమాన్య హక్కు ఇచ్చింది, వాటిలో వెదురును పేరుపెట్టి చేర్చింది. చెంచుల వంటి సమూహాలకు ఆవాస ప్రాంతపు హక్కులు కూడా ఉన్నాయి. అదే చట్టం సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే వేటనూ, ఉచ్చులు వేయడాన్నీ స్పష్టంగా మినహాయించింది. ఇప్పుడు పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూడండి. వెదురు కొట్టుకోవడం హక్కు. దాన్ని వంచి తాడు కడితే ఆయుధం. ఆత్మరక్షణ కోసం మంచి ఉద్దేశంతో జంతువును గాయపరిస్తే నేరం కాదని 1972 చట్టం 11వ సెక్షనే చెబుతోంది. ఎలుగుబంటి ఎదురుపడే దారిలో గడ్డలకు పోయేవాడు ఆ రక్షణకు ఏం పట్టుకుపోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

రిజర్వు లోపలి పెంటలను బయటికి తరలించే ప్రయత్నాలు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2021లో 15 లక్షల రూపాయలకు పెంచారు. వెళ్లాలా వద్దా అన్నది ఆ కుటుంబాల ఇష్టం, చట్టం కూడా అదే అంటుంది. వెళ్లిన కాలనీలో మాత్రం వెదురు పొద ఉండదు. అక్కడ పెరిగే పిల్లవాడికి విల్లు వేదిక మీది వస్తువే అవుతుంది.

ఆటలోకి తీసుకెళ్దామనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి మూడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున నిలబడ్డాడు, 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. మంచి దారే. అయితే పోటీల్లో వాడే విల్లు పిడి, కొమ్ములు, గురిచూసే పరికరం అన్నీ విడివిడిగా కొనాలి. మంచివి కొరియా, అమెరికా నుంచి వస్తాయి, లక్షల్లో పని. పెంటలోని పిల్లకు ఆ విల్లు ఇచ్చిన రోజు ఫొటో వస్తుంది. ఆ తర్వాత తాడు తెగిన రోజు ఎవరు తెచ్చిస్తారన్నది ముందే రాసిపెట్టాలి.

శ్రీశైలం భ్రమరాంబ తమ ఆడపడుచని, మల్లన్న తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. శివరాత్రికి లింగాల మండలం భౌరాపూర్‌లో వాళ్లే ఆ పెళ్లి చేస్తారు, అన్ని పెంటల నుంచీ జనం వస్తారు, అధికారులూ వస్తారు. 31వ సెక్షన్‌లోనే రాతపూర్వక అనుమతి అన్న వెసులుబాటు ఉంది. ఇంటికో విల్లు చొప్పున ఆ కాగితం అక్కడే చేతికివ్వొచ్చు. మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలచుకుంటే మైదానం నుంచి ఇద్దరు కమ్మరులను పిలిపించి, జాతర జరిగే రోజుల్లో భౌరాపూర్‌లోనే ఒక కొలిమి పెట్టించవచ్చు. గొడ్డళ్లకు పదును, గడ్డపారలకు మొన, కావలసినవారికి ములుకులు. చెక్‌పోస్టు దాటే పనే ఉండదు.