మోకాటి లోతు నీళ్లలో బోన్‌ఫిష్

బహామాస్‌లోని ఆండ్రోస్ దీవి పక్కన, చాలా దూరం వెళ్లినా నీళ్లు మోకాళ్లు దాటని సముద్రం ఉంది. పాటు వేళకి చాలాచోట్ల నేల బయటపడుతుంది. పోటు మొదలై జానెడు నీళ్లు చేరగానే వాటి వెంటే బోన్‌ఫిష్ గుంపులు పైకి వస్తాయి. అంతసేపూ వాటికి అందకుండా ఉన్న పీతలు, రొయ్యలు, పురుగులు అప్పుడే నోటికి దొరుకుతాయి. నీళ్లు తీసేలోపు మళ్లీ లోతుకి వెళ్లిపోవాలి.

మన కోరంగి మడ అడవుల్లోనూ పోటూ పాటూ ఉన్నాయి, కానీ అక్కడ గోదావరి తెచ్చిన ఒండ్రు వల్ల నీటి అడుగు కనపడదు. ఆండ్రోస్‌కి అలాంటి పెద్ద నది లేదు. అక్కడి తెల్లటి నేల సముద్రంలోనే తయారైన సున్నపు ఇసుక, బురద. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టే అక్కడ చేపను ముందు కళ్లతో వెతికి, ఆ తర్వాతే గాలం విసురుతారు.

వెతకడం అంత తేలిక కాదు. బోన్‌ఫిష్ వెండి పొలుసులు చుట్టూ ఉన్న రంగునే తిప్పికొడతాయి. చాలాసార్లు చేప కంటే ముందు ఇసుక మీద దాని నీడ కనిపిస్తుంది. నీటి మీద నుంచి కళ్లలో పడే మెరుపులో ఎక్కువ భాగం అడ్డంగా కంపించే కాంతి. పోలరైజ్డ్ కళ్లద్దాలు దాన్ని ఆపేస్తాయి, దాంతో నీటి అడుగు కనపడుతుంది. పడవ వెనక ఎత్తు మీద నిలబడి గెడ వేసే గైడ్, పడవ ముక్కును గడియారంలో పన్నెండుగా లెక్కపెట్టి ‘పదకొండు గంటలు, నలభై అడుగులు’ అని మెల్లగా చెబుతాడు.

మేస్తున్నప్పుడు చూడాలి ఆ చేపని. తల కిందికి దించి, ముందుకు పొడుచుకొచ్చిన మూతితో ఇసుకలోకి నీళ్లు చిమ్మి, దాక్కున్న రొయ్యను బయటికి తీస్తుంది. లోతు తక్కువ కాబట్టి తోక నీటి పైకి లేచి ఎండలో తళుక్కుమంటుంది. నాలుక మీదా అంగిలి మీదా కిక్కిరిసిన గుండ్రటి చిన్న పళ్ల మధ్య పీత డిప్ప నలిగిపోతుంది.

ఇంత బెదురు చేప దగ్గర సీసం గుండు టపీమని పడితే గుంపంతా చెదిరిపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఆ గుండు ఉండదు. విసరడానికి కావాల్సిన బరువు దారంలోనే ఉంటుంది. ఆ దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే ఈకలు, పోగులతో కట్టిన దొంగ ఎర చప్పుడు లేకుండా దిగుతుంది. ఆండ్రోస్ గైడ్ చార్లీ స్మిత్ పేరు మీద వచ్చిన ‘క్రేజీ చార్లీ’ అనే ఎరకి పూసల కళ్లుంటాయి. వాటి బరువుకి కొక్కెం మొన పైకి తిరుగుతుంది, అడుగున తట్టుకోదు.

చేప కోసం వెతికే కళ్లకి మిగతావీ కనిపిస్తాయి. టేకు చేప లేపిన బురద వెంట తిండి ఏరుకునే చిన్న చేపలు, మడ వేళ్ల మధ్య తిరిగే లెమన్ సొర పిల్లలు. పక్కనున్న బిమిని దీవిలో సొరల శాస్త్రవేత్త శామ్యూల్ గ్రూబర్ 1990లో పరిశోధన కేంద్రం పెట్టారు. తాము పుట్టిన చోటికే తిరిగొచ్చి పిల్లల్ని కనే ఆడ లెమన్ సొరలు ఉన్నాయని అక్కడి దీర్ఘకాల పరిశోధన తేల్చింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది బోన్‌ఫిష్ సంతానోత్పత్తి. చలికాలం నెలల్లో, పున్నమి, అమావాస్యల దగ్గర, వేల చేపలు లోతు అంచున చేరతాయి. పైకొచ్చి గాలి మింగుతాయి. చీకటి పడ్డాక నడిసముద్రం వైపు బయల్దేరతాయి. ట్యాగు కట్టిన ఒక చేప గుడ్లు వదిలే ముందు 130 మీటర్లకు పైగా లోతుకి దిగినట్టు అబాకో దీవి దగ్గర నమోదైంది. మోకాటి లోతులో మేసే చేప ఇది! పిల్లలు పారదర్శకమైన రిబ్బన్ ముక్కల్లా ఉంటాయి, మలుగుపాము పిల్లల్లాగే. నెలన్నర నుంచి రెండు నెలలకు పైగా ప్రవాహాలతో తిరిగి తీరానికి చేరతాయి. అక్కడ ముందు కుంచించుకుపోయి, తర్వాతే చేప రూపంలో ఎదుగుతాయి.

ఈ వేటలో పట్టిన చేపను సాధారణంగా వదిలేస్తారు. బెలీజ్ 2009లో, ఫ్లోరిడా 2013లో దీన్ని చట్టమే చేశాయి. కానీ వదిలినంత మాత్రాన బతికినట్టు కాదు. పెనుగులాడి అలిసి, ఫొటోల కోసం గాలిలో ఉండి, నీళ్లలో ఒరిగిపోయిన చేపలు సొరలకీ, బారకుడా అనే వేట చేపలకీ చిక్కే అవకాశం ఆరు రెట్లకు పైగా ఎక్కువని బహామాస్‌లోనే చేసిన ప్రయోగంలో తేలింది. అందుకే చేపను త్వరగా లాగాలి, నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయాలి, సొర కనిపిస్తే ఆ చోట వేట ఆపేయాలి. ఫొటో లేకపోతే కొంపలేమీ మునగవు.

మేత మైదానాన్ని మాత్రమే కాపాడితే సరిపోదని ఆ రాత్రి ప్రయాణం తెలిశాక అర్థమైంది. చేపలు గుమిగూడే చోట్లు వెతకడంలో ఏళ్లుగా గెడ వేస్తున్న గైడ్ల అనుభవం పరిశోధకులకి బాగా పనికొచ్చింది. 2015లో బహామాస్ ప్రభుత్వం ప్రకటించిన కొత్త రక్షిత ప్రాంతాల్లో అబాకోలోని క్రాస్ హార్బర్ ఒకటి. గుడ్లు పెట్టడానికి వెళ్లే ముందు బోన్‌ఫిష్ గుమిగూడే చోట్లలో అదీ ఒకటి.