కోట నోట తెలంగాణ యాస: ఒక పేచీ వెనక కథ

కోట శ్రీనివాసరావు 2025 జులై 13న కన్నుమూశారు. 83 ఏళ్లు నిండి మూడు రోజులే. ఆయన గొప్ప నటుడన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆయన విలన్ల భాషతోనే. సినిమాలో మంచివాళ్లంతా కోస్తా తెలుగు మాట్లాడుతుంటే, లంచాలు మింగే మంత్రీ, వీధి రౌడీ మాత్రం తెలంగాణ యాస ఎందుకు మాట్లాడాలి? ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నాటికి ఈ ప్రశ్న గట్టిగానే వినబడింది.

కోటది తెలంగాణ కాదు. కృష్ణా జిల్లా కంకిపాడు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం, డ్యూటీ అయ్యాక నాటకాలు. 'ప్రాణం ఖరీదు' నాటకాన్ని 1978లో సినిమాగా తీసినప్పుడు ఆయనా తెర మీదికొచ్చారు. జనం మాత్రం ఆ సినిమాతోనే తెరకు పరిచయమైన చిరంజీవినే గుర్తుపెట్టుకున్నారు.

అసలు మలుపు 1985లో వచ్చిన 'ప్రతిఘటన'. దర్శకుడు టి. కృష్ణ, మాటలు ఎం.వి.ఎస్. హరనాథరావు. అందులో కోట రాజకీయ నాయకుడు కాశయ్య. అరవడు, కళ్లురమడు అన్నమాటే లేదు. పక్కింటి పెద్దమనిషిలా తెలంగాణ యాసలో ముద్దుముద్దుగా మాట్లాడుతూనే పని కానిచ్చుకుంటాడు. ఆ తీయదనమే భయపెడుతుంది. జానపద సినిమాల్లో రాజనాల వికటాట్టహాసాలకు అలవాటుపడ్డ ప్రేక్షకులకు ఇది వేరే రకం విలనీ.

యాసతో విలన్ని నిలబెట్టడం కోటతో మొదలవలేదు. 1975లో 'ముత్యాల ముగ్గు' కాంట్రాక్టరుగా రావు గోపాలరావు గోదావరి మాటతో ఆ పని చేసేశారు. ముళ్లపూడి వెంకటరమణ రాసిన ఆ డైలాగులు జనం నోళ్లలో ఇప్పటికీ ఆడుతున్నాయి. మరి గోదావరివాళ్లు ఎందుకు నొచ్చుకోలేదు? ఎందుకంటే అక్కడ విలన్‌కు ఎదురుగా అదే గడ్డ మీది మంచివాళ్లు కూడా ఉన్నారు. తెలంగాణకు తెరమీద ఆ రెండోవైపు లేదు. అప్పటికి సినిమా మద్రాసులో, కలం ఎక్కువగా కోస్తావాళ్ల చేతిలో ఉంది. తెలంగాణ పల్లె కథ చెప్పిన 'మా భూమి' లాంటి సినిమా ఒకటి వచ్చినా, అది ప్రధాన స్రవంతి పద్ధతిని మార్చలేకపోయింది. నా లెక్కలో అసలు తప్పు ఇక్కడుంది, కోట నాలుకలో కాదు.

చిక్కేమిటంటే ఆయన మరీ బాగా చేశారు. 1993లో 'గాయం'లో గురునారాయణ ఉన్నాడు చూడండి. ఎదుటివాళ్లు అన్న మాటకు అర్థం తెలియకపోయినా సరే, ముందు ఖండించేస్తాడు. ఆ 'ఖండన' ఇవాళ్టికీ రాజకీయ నాయకుల మీద వాడే జోకు. 1998లో 'గణేష్' మంత్రి సాంబశివుడికి ఉత్తమ విలన్‌గా నంది వచ్చింది. మొత్తం తొమ్మిది నందులు. హిట్టయిన దాన్ని ఇండస్ట్రీ ఊరికే వదలదు కదా, ఆ అచ్చులోంచే మరికొందరు దిగారు. సీమకూ ఇదే గతి పట్టింది. 1997లో 'ప్రేమించుకుందాం రా'లో జయప్రకాష్ రెడ్డి సీమ మాటతో అదరగొట్టాక, ఫ్యాక్షనిస్టంటే ఆ యాసే అయిపోయింది. అక్కడివాళ్లకూ అదే మంట.

కోటకు విలనీ ఒక్కటే వచ్చనుకుంటే పొరపాటు. 1987లో 'అహ నా పెళ్ళంట'లో పిసినారి లక్ష్మీపతి, ఎదురుగా కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఒక్కో ముద్దకూ కోడి వైపు చూసే ఆ చూపులో కూర తిన్న తృప్తి అంతా ఉంటుంది. మధ్యలో 1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ ఎమ్మెల్యే కూడా అయ్యారు.

2000 తర్వాత గొడవ ఇంకో దారి పట్టింది. విలన్లు ముంబై నుంచి దిగడం మొదలైంది. వాళ్లకు యాస కాదు కదా, తెలుగే రాదు. 2009లో 'అరుంధతి'లో పశుపతిగా సోనూ సూద్ కనబడితే, 'బొమ్మాళీ' అన్న గొంతు పి. రవిశంకర్‌ది. తెలుగు నటులుండగా బయటివాళ్లెందుకని కోట చాలాసార్లు బాహాటంగానే అడిగారు. ఆ బాధలో న్యాయముంది. అయితే 2003లో తమిళ 'సామి'లో పెరుమాళ్ పిచ్చైగా ఆయన కూడా అక్కడివాళ్లకు బయటి విలనే, అదీ సూపర్‌హిట్ విలన్. ఈ సంగతి ఆయనతో పేచీ పెట్టుకున్నవాళ్లెవరూ పెద్దగా ఎత్తలేదు.

యాస పేచీ మాత్రం రాష్ట్రం వచ్చాక మెల్లగా సర్దుకుంటోంది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి, హీరోయినే ఆ యాసలో దబాయించింది. 2023లో 'బలగం' వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లె, ఇంటిల్లిపాదీ అదే మాట. అందులో విలనే లేడు. పిండాన్ని కాకి ముట్టడం లేదన్నదే గొడవంతా.