చెట్టు ప్రాణం చేవలో ఉందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కడియంలో అంటుమొక్కల పని నాది. మొక్క కొన్నవాళ్లు నెల తిరక్కుండానే ఫోన్ చేస్తారు, "నీళ్లు పోస్తూనే ఉన్నామండీ, అయినా వాడిపోతోంది" అని. వాళ్ల దగ్గర విన్నవే ఇవన్నీ.

అపోహ: నీళ్లు, ఎరువు మొదలుకు ఆనించి వేస్తేనే చెట్టుకు అందుతాయి.

మొదలు దగ్గరి లావు వేర్లు నీళ్లు తాగవు. వాటికి బెరడు కట్టేసి ఉంటుంది. చెట్టును నిలబెట్టడం, వచ్చిన నీళ్లను పైకి చేర్చడం వాటి పని. తాగేవి సన్న వేర్ల కొసలకు కాస్త వెనకగా, నూగులా ఉండే మూలకేశాలు. ఒక్కోటీ ఒక్క కణం పొడుగే. ఇవాళ పుట్టినవి కొద్ది రోజుల్లో పోతాయి, కొసకు దగ్గరగా కొత్తవి వస్తాయి. కాబట్టి ఎదిగిన మామిడికి మాను చుట్టూ కాకుండా కొమ్మల నీడ అంచున పాదు తీయండి. నాటేటప్పుడు కవరు చించితే చాలు, మట్టిగడ్డను విదిలించకండి. ఆ విదిలింపుకే మూలకేశాలు తెగి మొక్క తలవాలుస్తుంది.

అపోహ: వాడిందంటే నీళ్లు చాలలేదన్నమాట.

ఎక్కువైనా వాడుతుంది. మట్టి సందుల్లో గాలి లేకపోతే వేరుకు ఊపిరాడదు, ఊపిరాడని వేరు నీళ్లు తాగలేదు. "మరి వరి నీళ్లలోనే ఉంటుంది కదా?" అని ఒకాయన నిలదీశారు. మంచి ప్రశ్నే. వరికి ఆకు నుంచి వేరు దాకా గాలి వెళ్లే ఖాళీలున్న కణజాలం ఉంది. మిరపకు ఆ సౌకర్యం లేదు. కుండీలో రెండంగుళాల లోతుకు వేలు పెట్టి చూశాకే చెంబు ఎత్తండి.

అపోహ: వేరు మోటారులా నీళ్లను పైకి తోస్తుంది.

కొంచెం తోస్తుంది. తెల్లవారుజామున వరి ఆకు కొసన నిలిచే చుక్క చాలాసార్లు మంచు కాదు, వేరు తోసిన నీరే. కానీ ఎత్తయిన చెట్టుకు ఆ బలం చాలదు. పగలు ఆకులు నీటిని ఆవిరి చేస్తుంటే, ఒకదాన్నొకటి పట్టుకున్న నీటి అణువులు దారువు (నీళ్లు మోసే చెక్క) గొట్టాల్లో సన్నటి తీగలా పైకి లాగబడతాయి. ఈ వివరణను 1894లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలా ఆవిరై పోయేదే. అందుకే, ఆవిరి తగ్గాలని నాటే ముందు మేం కొన్ని ఆకులు తుంచేస్తే "మొక్కను పాడుచేశారు" అని బాధపడకండి.

అపోహ: టమాటా కాయ అడుగు నల్లబడితే ఆకుల మీద కాల్షియం కొడితే సరి.

కాల్షియం నీళ్లతోపాటు దారువులోనే నడుస్తుంది. ఎక్కువ ఆవిరి చేసేది ఆకు, అందుకే ఎక్కువ వాటా ఆకుకే. ఆకులో చేరినది మళ్లీ కాయకు దాదాపు రాదు. వారం ఎండగట్టి ఒక్కరోజు ముంచెత్తే అలవాటు మానుకోండి, డబ్బా కొనే ముందు.

అపోహ: చేవ గట్టిగా ఉంటే చెట్టుకు ఢోకా లేదు, పైన బెరడు పోతే ఏముంది?

సరిగ్గా తలకిందులు. చేవ అంటే మాను నడిమి ముదురు చెక్క, చనిపోయిన కణాల గట్టిదనం. లోపలంతా తొర్రపడిన చింతచెట్టు కూడా చిగురిస్తుంది, ఎందుకంటే నీళ్లు మోసేది చుట్టూ ఉన్న తెల్ల చెక్క. బెరడు లోపలి పొరే ఆకులు వండిన తిండిని కిందికి దించే పోషక కణజాలం. ఈ రెంటి మధ్య జిగురుగా తగిలే పలుచని పొర కేంబియం. కాండం లావెక్కేదీ, అంటు అతికేదీ దానివల్లే. కొబ్బరికి అది లేదు. అందుకే కొబ్బరికి అంటు కట్టలేం, ఎక్కడానికి కొట్టిన గాట్లు ఎన్నేళ్లయినా పూడవు.

జామకు గాలి అంటు కట్టడం చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. కొమ్మ చుట్టూ అంగుళం వెడల్పున బెరడు తీసి, జిగురు పోయేలా గీకి, తడి నాచు చుట్టి కవరు కడతాం. లోపలి చెక్క తెగలేదు కాబట్టి ఆకులు వాడవు. దిగాల్సిన తిండి పై అంచున ఆగి అక్కడ ఉబ్బు వస్తుంది, ఆ ఉబ్బులోంచే తెల్లటి వేర్లు. అదే ఉంగరం చెట్టు మానుకే తీస్తే వేర్లు ఆకలికి చస్తాయి, ఆ వెనకే చెట్టూ.

ఒకసారి నేనే ఆ పని చేశాను, కత్తి పెట్టకుండానే. మామిడి అంటుకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పకుండా ఇచ్చేశాను. ఏడాదికి చూస్తే పట్టీ కాండంలోకి దిగి, పైన బుడిపె, కింద సన్నగా. గాలికి సరిగ్గా అక్కడే విరిగింది. ఇప్పుడు మొక్క చేతికిచ్చే ముందు గోటితో పట్టీ తీసి, డబ్బు తర్వాత లెక్కపెట్టుకుంటాను.